పలకల కింద లెక్క: పెరటి డెక్ ఖర్చుపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో పెరటి డెక్ గురించి, అంటే ఇంటి వెనక తలుపు ముందు స్తంభాల మీద వేసే చెక్క అరుగు గురించి, ఒక చిన్న జవాబు రాశాను. దానిమీద వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చుంటే ఎక్కువ మంది అడిగింది ఒకటే: చదరపు అడుగుకు ఎంత అవుతుంది? ఈ నెల శీర్షిక మొత్తం ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాను. రూపాయల్లోనో మరో డబ్బులోనో అంకె మాత్రం చెప్పను. ధర ఊరూరికీ, నెలనెలకీ మారుతుంది. ఎన్ని పలకలు, ఎన్ని గుంతలు, ఎన్ని స్క్రూలు అన్నది మాత్రం మారదు. ఆ లెక్క మీ చేతిలో ఉంటే ధర కనుక్కోవడం ఒక పూట పని.

ప్రశ్న: మా వెనక తలుపు తెరిస్తే నేల మూడు అడుగుల కింద ఉంటుంది. అక్కడ గోడ వెంట 16 అడుగులు, పెరట్లోకి 12 అడుగులు వచ్చేలా చెక్క డెక్ వేయించుకోవాలని ఉంది. మొత్తం 192 చదరపు అడుగులు. రేటుతో గుణిస్తే ఖర్చు తెలిసిపోతుందనుకున్నాను. కానీ తెలిసినవాళ్లు చెప్పిన రెండు రేట్లలో ఒకటి రెండోదానికి రెట్టింపు ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమే కావచ్చమ్మా. కాకపోతే రెండూ మీ డెక్ గురించి చెప్పినవి కావు. చదరపు అడుగు రేటంటే, ఎవరో ఎక్కడో కట్టుకున్న డెక్‌కు అయిన ఖర్చును దాని వైశాల్యంతో భాగించగా వచ్చిన అంకె. ఆ డెక్ నేలకు జానెడు ఎత్తున ఉందో నిలువెత్తున ఉందో, దానికి రెయిలింగ్ ఉందో లేదో ఆ అంకెను చూస్తే తెలియదు.

మా నాన్న వడ్రంగి. ఆయన పక్కన టేపు కొస పట్టుకుని తిరుగుతూ నేను ఈ అంచనాల పని నేర్చుకున్నాను. లెక్క నేల దగ్గర మొదలై పైకి రావాలని ఆయన పట్టుదల. ముప్పై ఏళ్లుగా నేనూ అలాగే చేస్తున్నాను. మీ డెక్‌ను కూడా అలాగే లెక్కిద్దాం. కాగితం, పెన్సిల్ తెచ్చుకోండి.

ముందు పెరట్లో నాలుగు మేకులు దిగగొట్టి తాడు కట్టండి. మూలలు సరిగ్గా వచ్చాయో లేదో చూడటానికి మీ కొలతలు బాగా కలిసొచ్చాయి: 12, 16 భుజాలైతే మూల నుంచి మూలకు సరిగ్గా 20 అడుగులు రావాలి. రెండు కర్ణాలూ 20 వస్తే మూలలు సరిగ్గా ఉన్నట్టే. తాడు కట్టాక ఆ హద్దులో మీ కుర్చీలు, బల్ల వేసుకుని ఒక సాయంత్రం కూర్చోండి. ఇంత చోటు అక్కర్లేదనిపించినా, ఇంకో రెండు అడుగులు కావాలనిపించినా ఆ మార్పుకు ఇప్పుడైతే పైసా ఖర్చు ఉండదు.

ఇక బరువు. మనుషులు, సామాను, డెక్ సొంత బరువు అన్నీ కలిపి చదరపు అడుగుకు సుమారు 23 కిలోలు అనుకుని లెక్క కట్టడం వాడుక. మీ 192 చదరపు అడుగులకు అది దాదాపు 4,400 కిలోలు. అందులో సగం ఇంటి గోడకు బిగించే లెడ్జర్ పట్టె మీదకు పోతుంది. మిగతా సగాన్ని పెరటి వైపు దూలం మోస్తుంది. ఆ దూలం కింద ఎనిమిదేసి అడుగుల ఎడంతో మూడు స్తంభాలు పెడితే, నడిమి స్తంభం ఒక్కటే 1,100 కిలోలకు పైగా మోయాలి. మూలల్లో ఉన్నవి దాంట్లో సగం మోస్తాయి. పునాది గుంత ఎంత వెడల్పుండాలో చెప్పేది ఈ అంకె, మీ మట్టి గట్టితనం కలిసి. మెత్తని బంకమట్టి అయితే వెడల్పు పెరుగుతుంది. నేల గడ్డకట్టేంత చలి ఉండేచోట గుంత మట్టి గడ్డకట్టే లోతును దాటి దిగాలి.

గుంత వెడల్పు విషయంలో చాలామంది లెక్క తప్పుతారు. అడుగు వ్యాసం, మూడు అడుగుల లోతున్న గుంతకు కాంక్రీటు సుమారు 2.4 ఘనపు అడుగులు పడుతుంది. వ్యాసాన్ని అడుగున్నర చేస్తే అదే లోతుకు 5.3 ఘనపు అడుగులు కావాలి. వెడల్పు ఒకటిన్నర రెట్లయితే కాంక్రీటు రెండుంబావు రెట్లు అవుతుందన్నమాట. మీ మూడు గుంతలకు అడుగున్నర వ్యాసం అనుకుంటే సుమారు 16 ఘనపు అడుగులు. తవ్విన మట్టి ఎక్కడ పోస్తారన్నది కూడా ఇక్కడే రాసుకోండి. బయటికి పంపాలంటే అది వేరే ఖర్చు.

ఆపైన చట్రం. పలకలను మోసే జాయిస్టులు గోడ నుంచి దూలం వైపు వెళతాయి. ఒకదానికీ ఇంకోదానికీ నడుమ 16 అంగుళాల ఎడం. మీ గోడ వెంట 192 అంగుళాలున్నాయి కాబట్టి 12 ఖాళీలు, అంటే 13 జాయిస్టులు. ఈ చివరిదాన్ని మరిచిపోయి 12 రాసుకునేవాళ్లు ఎందరో. పదమూడు పన్నెండులు 156 అడుగులు. దానికి లెడ్జర్ 16, ఎదురు అంచు పట్టె 16, జాయిస్టులు పక్కకు వాలకుండా నడుమ కొట్టే అడ్డ ముక్కలకు మరో 16 కలిపితే మొత్తం 204 అడుగుల కలప. దూలానికి రెండు పట్టెలు జోడిస్తారు కనుక మరో 32 అడుగులు. ఏ పట్టె ఎంత మందం, ఎంత లోతు ఉండాలన్నది కలప రకాన్ని బట్టి మీ చోటి ఇంజనీరు చెప్పాలి. దాన్ని ఊహించి రాయకండి.

ఇప్పుడు పలకలు. ఆరంగుళాల పలక అని అమ్మేదాని అసలు వెడల్పు తరచూ ఐదున్నర అంగుళాలే. నడుమ అంగుళంలో ఎనిమిదో వంతు సందు వదిలితే ఒక్కో వరుస 5.625 అంగుళాలు ఆక్రమిస్తుంది. 12 అడుగులంటే 144 అంగుళాలు. భాగిస్తే 25.6, అంటే 26 పలకలు. తరుగు కింద నూటికి పది కలిపితే 29. చెదలు, కుళ్లు పట్టకుండా మందెక్కించిన కలప ఇంకా తడిగా ఉండగానే వస్తే సందు వదలకుండా ఆనించి కొడతారు, ఆరాక అదే సందు ఇస్తుంది. అప్పుడు వరుసలు 27 అవుతాయి. దుకాణంలో అడగాల్సిన మొదటి మాట అందుకే ఇది: కలప ఆరిందా, తడిదా?

ప్రతి పలకనూ ప్రతి జాయిస్టుకూ రెండు స్క్రూలతో బిగించాలి. 26ను 13తో గుణించి రెట్టింపు చేస్తే 676. విరిగేవి, జారిపోయేవి కలిపి 750 రాసుకోండి. మందెక్కించిన కలపలో రాగి ఉంటుంది. మామూలు ఇనుప స్క్రూను అది తినేస్తుంది. వేడి జింకులో ముంచి పూత వేసినవైనా, స్టెయిన్‌లెస్ స్టీలువైనా తీసుకోవాలి. ఈ ఒక్క మాటతోనే స్క్రూల ఖర్చు రెండు మూడింతలు పెరగవచ్చు. అయినా ఇక్కడ రాజీ పడకండి. జాయిస్టును లెడ్జర్‌కు పట్టి ఉంచే హ్యాంగర్లు 13, వాటి మేకులు, లెడ్జర్‌ను గోడకు బిగించే బోల్టులు, గోడకూ లెడ్జర్‌కూ నడుమ నీరు దిగకుండా పెట్టే ఫ్లాషింగ్ రేకు 16 అడుగులు: ఇవన్నీ ఒక్కో వరుసలో రాయండి. ఇవి చిన్న సామాన్లని అంచనాల్లోంచి జారిపోతుంటాయి.

మెట్లకు వద్దాం. 36 అంగుళాల ఎత్తును ఐదు భాగాలు చేస్తే ఒక్కో ఎత్తు 7.2 అంగుళాలు, కాలికి హాయిగా ఉంటుంది. అడుగు పెట్టే పలకలు నాలుగు వస్తాయి. మెట్లు నాలుగు అడుగుల వెడల్పుంటే వాటిని మోసే ఏటవాలు పట్టెలు కూడా నాలుగు కావాలి. ఒక్కో మెట్టుకు రెండేసి పలక ముక్కలు. అంటే మరో రెండు 16 అడుగుల పలకలు. మెట్ల కింద కాంక్రీటు దిమ్మ ఒకటి.

అన్నిటికంటే ఎక్కువ మంది తక్కువ అంచనా వేసేది రెయిలింగ్‌ను. మూడు వైపులా 40 అడుగులు, మెట్ల దారి నాలుగు తీసేస్తే 36. మెట్లకు రెండు పక్కలా కలిపి మరో తొమ్మిదిన్నర. పెద్ద స్తంభాలు పైన 8, మెట్ల అడుగున 2. పసివాళ్ల తల దూరకుండా నిలువు కమ్మీల నడుమ సందు నాలుగు అంగుళాల లోపే ఉండాలి. ఒకటిన్నర అంగుళాల కమ్మీ, మూడున్నర అంగుళాల సందు అనుకుంటే దాదాపు 100 కమ్మీలు. ఒక్కోదానికి పైన ఒక అతుకు, కింద ఒక అతుకు. ఆ 200 అతుకులూ మనిషి చేతుల మీదుగా జరగాలి. పలకలు పరవడం చకచకా సాగే పని. గుంతలు, మెట్లు, రెయిలింగ్ అలా కాదు, రోజులు తింటాయి. కూలిని కూడా చదరపు అడుగుల్లో కాకుండా రోజుల్లో అడగమనేది ఇందుకే.

ఇప్పుడు మీ కాగితం మీద పేరు, ఎంత కావాలి అన్న రెండు నిలువు వరుసలు తయారయ్యాయి. మూడోది ధర. దాన్ని ఏ దుకాణానికి వెళ్లినా నింపుకోవచ్చు. చివర అనుమతి రుసుము, సామాను రవాణా, నూటికి పది నుంచి పదిహేను వరకు ముందుజాగ్రత్త సొమ్ము కలపండి. గుంత తవ్వుతుంటే బండ తగలవచ్చు, పాత నీటి గొట్టం బయటపడవచ్చు. ఆ సొమ్ము వాటి కోసం.

ఒక్కటి మాత్రం ముందే చూసుకోండి. మీ వెనక గోడ పైకి కనిపించేది అలంకారంగా కట్టిన ఇటుక పొర మాత్రమే అయితే అది లెడ్జర్ బరువు మోయలేదు. అప్పుడు గోడ పక్కన కూడా మరో దూలం, మరో మూడు స్తంభాలు, మూడు గుంతలు వస్తాయి. అంచనాను ఒక్క దెబ్బతో మార్చేసే విషయం ఇది.

ప్రశ్న: మా దగ్గర ఉన్న డబ్బుకు పెద్ద డెక్ రాదు. వైశాల్యం సగానికి తగ్గిస్తే ఖర్చూ సగం అవుతుందా?

జవాబు: కాదు. పై పాఠకురాలి డెక్‌నే తీసుకోండి. గోడ వెంట 12, పెరట్లోకి 8 చేస్తే 96 చదరపు అడుగులు, సరిగ్గా సగం. రెయిలింగ్ మాత్రం 36 నుంచి 24 అడుగులకే తగ్గింది, అంటే ఇంకా మూడింట రెండు వంతులు ఉంది. మెట్లు అవే. గుంతలు సన్నబడతాయి తప్ప మూడింటిలో ఒక్కటీ తగ్గకపోవచ్చు. అనుమతి రుసుము, రవాణా అంతే.

తగ్గించాలనుకుంటే వైశాల్యం కన్నా ముందు ఎత్తు వైపు చూడమంటాను. తలుపు మూడు అడుగుల ఎత్తున ఉన్నప్పుడు, గడప కింద ఏడంగుళాల మెట్టు ఒకటి పెట్టి డెక్‌ను అంత దించితే ఎత్తు 29 అంగుళాలు అవుతుంది. ఎంత ఎత్తు దాటితే రెయిలింగ్ తప్పనిసరి అన్నదానికి నిర్మాణ నియమాల్లో ఒక గీత ఉంటుంది. కొన్నిచోట్ల అది 30 అంగుళాలు, కొన్నిచోట్ల 24. మీ దగ్గర ఎంతో కనుక్కోండి. గీత కిందకు రాగలిగితే మొత్తం రెయిలింగ్ ఖర్చు మీ ఇష్టానికి వస్తుంది. ఇంట్లో పసిపిల్లలో, చూపు మందగించిన పెద్దవాళ్లో ఉంటే నియమం అడగకపోయినా రెయిలింగ్ పెట్టించండి. ఆ డబ్బు మిగుల్చుకోవద్దు.

రెండో దారి కలప పొడవులకు తగ్గట్టు కొలతలు ఎంచుకోవడం. కలప 12, 14, 16 అడుగుల్లో దొరికేచోట పన్నెండున్నర అడుగుల డెక్ వేస్తే ప్రతి జాయిస్టుకూ 14 అడుగుల పట్టె కొని అడుగున్నర కోసి పారేయాలి. పదమూడింటికి కలిపి పందొమ్మిదిన్నర అడుగులు. ఆ అరడుగు మీద ఎవరూ కూర్చోరు.

ప్రశ్న: పలకలు గోడకు సమాంతరంగా కాకుండా ఏటవాలుగా పరిస్తే బాగుంటుందని మా అబ్బాయి అంటున్నాడు. తరుగు కొంచెం పెరుగుతుందంతే కదా?

జవాబు: తరుగు నూటికి పది బదులు పదిహేను వేసుకోవాలి, అది నిజమే. అసలు పెరుగుదల కింద ఉంది. 45 డిగ్రీల ఏటవాలులో పలక ఒక జాయిస్టు నుంచి ఇంకోదానికి దాటే దూరం 16 అంగుళాలు కాదు, 22.6 అంగుళాలు. అంత దూరంలో చాలా పలకలు కాలి కింద ఊగుతాయి. కనుక జాయిస్టుల ఎడం 12 అంగుళాలకు తగ్గించాలి, అప్పుడు దాటే దూరం 17కు వస్తుంది. పదహారు అడుగుల గోడకు జాయిస్టులు 13 నుంచి 17 అవుతాయి. వాటితో పాటు హ్యాంగర్లు, మేకులు, స్క్రూలు, కూలి. ఏటవాలు పలకలు చూడముచ్చటగా ఉంటాయి, నాకూ ఇష్టమే. మీ అబ్బాయితో పాటు కూర్చుని ఈ నాలుగు జాయిస్టుల ధర కూడా కలిపి చూసి నిర్ణయించుకోండి.

ప్రశ్న: చెక్క కంటే కాంపోజిట్ పలకలు ఖరీదైనవి. కానీ ఏ పనీ ఉండదంటారు. దీర్ఘకాలంలో ఏది చవక?

జవాబు: చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి చేసే ఈ పలకలకు నూనె, రంగు పెట్టనక్కర్లేదు. కడిగితే చాలు. ఆ సుఖం నిజమైనదే. అయితే కొనుగోలు ధరల మధ్య తేడాను మాత్రమే పోల్చకండి. కాంపోజిట్ కింద కూడా చట్రం మందెక్కించిన కలపే. ఆ భాగంలో ఖర్చేమీ తగ్గదు, కొన్ని రకాలకు జాయిస్టులు దగ్గరగా వేయాలి కనుక పెరగవచ్చు కూడా. స్క్రూ తల కనిపించకుండా పక్క గాడిలో పట్టే క్లిప్పులు వాడితే వాటి ధర వేరు. గాడి ఉన్న పలకలు లోపలికి, గాడి లేనివి అంచులకూ మెట్లకూ కావాలి కనుక రెండు రకాలూ లెక్కపెట్టి కొనాలి. చట్రం అంచు కనిపించకుండా కప్పే పట్టీ మూడు వైపులా 40 అడుగులు. ఈ పట్టీని మరిచిపోయిన అంచనాలు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి.

ఇక చెక్క వైపు. ఎండావానల్లో ఉండే పలకలకు రెండు మూడేళ్లకోసారి పూత కావాలి. పన్నెండేళ్లలో నాలుగు నుంచి ఆరు సార్లు. ఒక్కసారికి అయ్యే పూత ధర, రెండు రోజుల పని రాసుకుని ఆ సంఖ్యతో గుణించండి. రోజులు మీ సొంతమైనా వాటిని సున్నా అని రాయకండి. పైపలకలకు పూత సాయంత్రానికి అయిపోతుంది. ఆ వంద కమ్మీలకు నాలుగు ముఖాలూ తడమాలి, అసలు పని అక్కడుంది.

నన్నడిగితే, మంచి ఎండ పడే పెరడైతే కాంపోజిట్ ముక్క ఒకటి తెచ్చుకుని మధ్యాహ్నం ఎండలో పెట్టి, దానిమీద ఉత్త కాలు ఆనించి చూశాకే కొనండి. ముదురు రంగువి బాగా కాగుతాయి. చెప్పులు లేకుండా నడిచే ఇల్లయితే ఈ ఒక్క పరీక్ష ధరలన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది.

ప్రశ్న: ఇరవై ఏళ్ల నాటి పాత డెక్ ఉంది. పైపలకలు పాడయ్యాయి గానీ కింద చట్రం గట్టిగా కనిపిస్తోంది. పలకలు మాత్రం మార్చుకుంటే చాలా కలిసి వస్తుంది కదా?

జవాబు: చట్రం బాగుంటే తప్పకుండా కలిసి వస్తుంది. బాగుందని కింద నుంచి చూసి చెప్పడం మాత్రం కుదరదు.

కొన్నేళ్ల కిందట ఒక ఇంటికి అచ్చంగా ఇలాంటి అంచనా కోసమే వెళ్లాను. ఇంటాయన పలకల లెక్క ఒక్కటే అడిగారు. గోడ పక్కనున్న మొదటి పలకను ఊడదీసి చూపించమన్నాను. పలక పైన బూడిదరంగుకు తిరిగింది గానీ గట్టిగానే ఉంది. దాని కింద జాయిస్టు పైఅంచున, స్క్రూలు దిగిన వరుస పొడవునా, నల్లటి చార. నా చేతిలోని స్క్రూడ్రైవర్‌ను ఆ చార మీద ఆనించి బొటనవేలితో నొక్కాను. నానిన మట్టిలో దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. హ్యాంగర్ మేకు తలను గిల్లితే గోధుమరంగు పొడిగా రాలింది. ఇంకా లోపలికి చూస్తే లెడ్జర్‌కు బోల్టు ఒక్కటీ లేదు. మేకులతో గోడకు కొట్టి వదిలేశారు. వెనక ఫ్లాషింగ్ రేకూ లేదు. వాన పడిన ప్రతిసారీ గోడ మీది నీళ్లన్నీ ఆ సందులోకే దిగేవి. ముందు రోజు సాయంత్రమే అక్కడ పది మంది కూర్చున్నారని ఆయన చెబుతుంటే నాకు కాసేపు నోట మాట రాలేదు. డెక్ కూలిన చాలా సందర్భాల్లో విరిగేది నడిమి పలక కాదు, గోడ దగ్గర ఊడి వచ్చే లెడ్జర్.

కనుక అంచనాకు ముందు గోడ వెంట ఉన్న ఒక పలకనూ, దూలం మీదున్న ఒక పలకనూ తీయించండి. ప్రతి జాయిస్టునూ గుచ్చి చూడండి. లెడ్జర్‌కు బోల్టులున్నాయా, రేకు ఉందా చూడండి. స్తంభం నేలను తాకే చోట కాస్త మట్టి తవ్వి అక్కడా గుచ్చండి. ఒకటి రెండు జాయిస్టులే పోతే వాటి పక్కన కొత్తవి జతచేయవచ్చు. లెడ్జర్ పోతే మొత్తం కొత్త డెక్ లెక్క వేసుకోండి. దానికి పాతది ఊడదీసే కూలి, బయటికి పంపే ఖర్చు అదనం.

పాత కలపను పొయ్యిలో పెట్టకండి, రంపపు పొడి పీల్చకండి. ఒకప్పుడు కలపకు ఎక్కించే మందులో ఆర్సెనిక్ ఉండేది. అమెరికాలో ఇళ్ల వాడకానికి అలాంటి కలప తయారీ 2003 చివరికి ఆగిపోయింది. అంతకు ముందటి కలప కొన్ని చోట్ల మళ్లీ మళ్లీ చేతులు మారుతూ ఉంటుంది. మీది ఏ కాలపు కలపో తెలియకపోతే ఆర్సెనిక్ ఉందనే అనుకుని జాగ్రత్తపడండి.

ప్రశ్న: ముగ్గురు కాంట్రాక్టర్ల దగ్గర కొటేషన్లు తీసుకున్నాం. ఒకటి మిగతా రెండిటికన్నా మూడో వంతు తక్కువ. తీసుకోవచ్చా?

జవాబు: ముగ్గురూ ఒకే డెక్‌కు ధర చెప్పారో లేదో ముందు చూడండి. చదరపు అడుగులు, మొత్తం సొమ్ము, సంతకం తప్ప మరేమీ లేని కొటేషన్‌ను పక్కన పెట్టి, మొదటి జవాబులో వేసిన పట్టిక ముగ్గురికీ ఇచ్చి వరుసవారీగా నింపమనండి. గుంతల సంఖ్య, లోతు, వ్యాసం. జాయిస్టుల ఎడం. లెడ్జర్‌కు ఏ బోల్టులు. స్క్రూలు దేనితో చేసినవి. మెట్లు, రెయిలింగ్ కలిసి ఉన్నాయా. మట్టి, చెత్త ఎవరు ఎత్తాలి. అనుమతి ఎవరు తేవాలి. నింపడానికి ఒప్పుకోని మనిషి తక్కువ ధర చెప్పినా నేనైతే పని ఇవ్వను. నింపాక కూడా ఒకరిది తక్కువగానే ఉంటే అది నిజంగా చవక, నిశ్చింతగా తీసుకోండి.

నేల వాలును కూడా అందరూ కొలిచారో లేదో అడగండి. ఇది అడగమని ఎందుకంటున్నానో చెబుతాను. పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒక కుటుంబానికి నేను అంచనా వేసి ఇచ్చాను. తలుపు దగ్గర నేల ఎత్తు కొలిచి రాసుకున్నాను, పెరటి చివర కొలవలేదు. అక్కడ నేల మరో రెండు అడుగులు కిందకు ఉంది. స్తంభాలు పొడవయ్యాయి, వాటికి అడ్డ ఊతాలు కావలసి వచ్చాయి, నేల దాకా దిగడానికి మెట్లు ఐదుకు బదులు తొమ్మిదయ్యాయి. వాళ్లు ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న డబ్బు మెట్లు కట్టకముందే అయిపోయింది. ఒక వానాకాలమంతా వెనక తలుపుకు అడ్డంగా పట్టె కొట్టి ఉంచారు. ఆ పట్టెను చూసినప్పుడు పడ్డ బాధ ఇప్పటికీ పోలేదు. అప్పటి నుంచి తాడు కట్టి, నీటిమట్టం పెట్టి, నాలుగు మూలలా ఎత్తు కొలవకుండా ఒక్క అంకె కూడా రాయలేదు.

ప్రశ్న: కూలి మిగులుతుందని మేమూ మా తమ్ముడూ కలిసి సొంతంగా కట్టాలనుకుంటున్నాం. ఏ పనులు మేం చేసుకోవచ్చు, ఏవి వదిలేయాలి?

జవాబు: గుంతలు తవ్వడం, పలకలు పరవడం, కమ్మీలు బిగించడం, పూత వేయడం ఇద్దరు మనుషులు ఓపికగా చేసుకోగల పనులు. కూలిలో పెద్ద భాగం వీటిలోనే ఉంది. తవ్వే ముందు కరెంటు తీగలు, గొట్టాలు ఎక్కడ పోతున్నాయో కనుక్కోండి. లెడ్జర్ బిగించడం, ఫ్లాషింగ్ పెట్టడం మాత్రం తెలిసిన వడ్రంగి చేత ఒకటి రెండు రోజుల కూలికి చేయించుకోండి. ఆయన ఉన్నప్పుడే మొదటి జాయిస్టునూ, మొదటి మెట్టు పట్టెనూ కోయించుకుంటే మిగతావాటికి అదే నమూనా. అద్దెకు తెచ్చే పనిముట్లను మీ పట్టికలో రోజుల లెక్కన రాసుకోండి, మీరనుకున్న రోజులకు రెట్టింపు వేసుకుని. పలకలు పరిచేటప్పుడు ప్రతి నాలుగైదు వరుసలకోసారి గోడ నుంచి రెండు కొసలా దూరం కొలవండి. ఒక కొసన పావు అంగుళం తేడా వచ్చినా అప్పుడే సరిచేసుకోవచ్చు. ఇరవయ్యో వరుసలో గమనిస్తే మాత్రం చివరి పలకను పొడవునా వంకరగా కోయాల్సి వస్తుంది.